సబురో నొజాకి బిడ్డ

1978 ఫిబ్రవరి 3, శుక్రవారం

ఎరువుల అంగడిలో ఇచ్చిన డైరీని ఆయన తెచ్చి గూట్లో పెట్టాడు. "నువ్వు రాసుకో. నాకెందుకు" అన్నాడు. ఈ వారంలో ఆయన నాతో అన్న పెద్ద మాట ఇదే.

పప్పు మాడింది. అత్త ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 5, ఆదివారం

అత్తా నేనూ చర్చికి పోయి వచ్చాం. ఆయన రాలేదు. క్రిస్మసు ముందు నుంచీ రావడం లేదు. స్త్రీల కూడిక నడిపే కృపమ్మగారు గుమ్మం దగ్గర ఆపి, "ఏం జీవమ్మా, నీ కొడుకు యేసుదాసు యాడ?" అంది. "టాకీసులో పనుండాది" అంది అత్త. ఆదివారం పొద్దున టాకీసులో ఏం పని ఉంటుందో కృపమ్మగారు అడగలేదు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 9, గురువారం

మొన్న నంద్యాల నుంచి బస్సు మీద కొత్త బొమ్మ పెట్టెలు వచ్చాయి. టాకీసు యజమాని వరదరాజులు ఎవరి దగ్గరో చవగ్గా తెచ్చుకున్నాడట. మూడు బొమ్మలు, మూడూ జపానువే. మూడింటిలోనూ ఒకడే హీరో. పేరు సబురో నొజాకి.

ఇవి ఆయన చెప్పిన సంగతులు కావు. పక్కింటి గోవిందమ్మక్క చెప్పింది. ఆమె టాకీసు డేరా ముందర బొరుగులు అమ్ముతుంది.

"నిన్న వరదరాజులు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు పాపా. ఒక ముక్క అర్థమైతే ఒట్టు. కింద ఇంగ్లీషు అచ్చరాలు పోతాండాయి, చదివేదెవురు? దుడ్లు ఎనక్కియ్యమని జనం ఒకటే గోల. అప్పుడు మీ ఆయన లేసి, 'మైకు నాకియ్యన్నా, నేను చెప్తా' అనె. ఈయప్పకు జపాను వస్తాదా పాపా?"

"రాదక్కా."

"పోనీ ఇంగ్లీషు?"

"టెన్తులో అదే తప్పినాడు."

"అట్లయితే ఇంగ బాగుంటాది" అని గోవిందమ్మక్క బొరుగుల బుట్ట ఎత్తుకుని పోయింది.

టాకీసులో ఆయన పని టికెట్లు చించడం, పగలు జట్కాలో తిరుగుతూ మైకులో బొమ్మ పేరు చెప్పి రావడం. గొంతు మంచిదని పెట్టుకున్నారు.

పొద్దు గూకినాక పెరట్లో కూర్చుని విన్నాను. డేరా మా ఇంటికి రెండు చేలు అవతల. మైకు గొట్టాలు ఊరి వైపుకే తిప్పి ఉంటాయి. జపాను మాట ఒకటి మొదలవుతుంది, దాని మీద ఆయన మాట పడుతుంది. "ఒరే, నా తండ్రిని చంపి నా ఊర్లోనే తిరుగుతాండావా? తియ్‌రా కత్తి!" ఆడవాళ్ళ మాటలూ ఆయనే అన్నాడు, ముసలివాళ్ళవీ ఆయనే అన్నాడు. జనం ఈలలు వేశారు.

ఇంట్లో నీళ్ళు కావాలంటే చెంబు వైపు చూస్తాడు. అంతే.

ఫిబ్రవరి 13, సోమవారం

శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరు దాకా చర్చి వాళ్ళెవరూ సినిమాకు పోరు. పోకపోయినా మైకు ఊరందరికీ వినపడుతుంది. చెవులు మూసుకోమని ఎక్కడా రాసిలేదు కదా.

డేరాలో ఉండేది ఒకటే మిషను. ఒక రీలు అయిపోయి ఇంకొకటి ఎక్కించేదాకా బొమ్మ ఆగుతుంది. జనం అరుస్తారు, బెంచీలు తంతారు. ఆ సందులో ఏదో ఒకటి చెప్పమని వరదరాజులు అన్నాడట. నిన్నటి నుంచి ఆయన ఆ జపాను యాక్టరు జీవితం చెప్పడం మొదలుపెట్టాడు.

"ఈ సబురో నొజాకి ఎవురో తెలుసునా మీకు? పుట్టుకతోనే హీరో అనుకుంటాండారా? ఆయన నాయన గనిలో రాళ్ళు కొట్టేవాడు. ఒగనాడు బండ జారి కాలు మీద పడె. ఆ కాలు మళ్ళా నేలకు ఆనలేదు."

అత్త బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది. "అది మీ మామ కాలు గదమ్మే" అంది.

నాకు నవ్వొచ్చింది. అత్తకు కూడా వచ్చింది. ఈ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది. ఇద్దరం సిగ్గుపడి మళ్ళీ బియ్యంలోకి చూశాం.

ఫిబ్రవరి 17, శుక్రవారం

సబురో నొజాకి పెద్ద ఊరికి పోయాడు. బస్టాండులో బొమ్మ పెట్టెలు నెత్తిన మోశాడు. ఒకరోజు పెట్టె కింద నుంచి ఆయన మొఖం చూసి ఒక డైరెక్టరు ఆగిపోయాడు. ఆ రోజు నుంచే యాక్టరు.

పెట్టెలు మోసిన మాట నిజమే. మా పెళ్ళికి ముందు ఆయన నంద్యాల బస్టాండులో మోసేవాడు. డైరెక్టరు మాత్రం ఎవరూ ఆగలేదు.

రోజూ వింటున్నాను. వినకూడదు అనుకుంటూనే పొద్దు గూకేసరికి పెరట్లోకి వస్తున్నాను. ఆ గొంతు నాతో మాట్లాడినట్టే ఉంటుంది.

ఫిబ్రవరి 20, సోమవారం

సబురో నొజాకికి నిన్న పెళ్ళయింది.

పొద్దున్నే గోవిందమ్మక్క గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏమ్మే సలోమీ, జపానులో నీకు అక్కో చెల్లెలో ఉండాదా?" అంది.

"ఎందుకక్కా?"

"ఆ యాక్టరు పెండ్లాము మొగునితో మాట్లాడదంట. గొడ్డుతో మాట్లాడుతాది, గోడతో మాట్లాడుతాది, మొగుడొస్తే నోరు కుట్టేసుకుంటాదంట. జనం పడి పడి నవ్విరి. నేను మాత్రం నీ గోడ దిక్కు చూస్తి."

నేనూ నవ్వాను. కోపమేమీ రాలేదు. జపానులో అటువంటి ఆడవాళ్ళు ఉండకూడదా?

ఆయనకు ఈ రోజు కూర వడ్డించడం మరిచిపోయాను. ఆయన అడగలేదు. వట్టి మజ్జిగతో తిన్నాడు.

ఫిబ్రవరి 23, గురువారం

ఒంట్లో రక్తం లేదని అత్త నన్ను నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది. చీటీ రాసే ఆమె "పిల్లలెంతమంది?" అని అడిగింది.

"లేరమ్మా" అంది అత్త.

వచ్చేటప్పుడు అమ్మవాళ్ళ ఇంటికి పోదామా అంది అత్త. వద్దన్నాను. ఆ ఇంట్లో ఉయ్యాల ఇంకా విప్పలేదని తమ్ముడు చెప్పాడు.

మార్చి 2, గురువారం

రాయాలో వద్దో తెలియడం లేదు.

రెండో రీలు అయిపోయింది. నేనూ అత్తా పెరట్లో ఉన్నాం. ఆయన గొంతు ఎప్పటిలాగా లేచింది కానీ మెల్లగా ఉంది.

"సబురో నొజాకి పెండ్లాము కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆడబిడ్డ పుట్టె. ఈడ ఈయన తల్లి ఏమన్నాదంటే, మా ఇంటి బిడ్డకు మా ఊరి గుళ్ళోనే పేరు పెట్టాల, పండగనాడు పెట్టాల, నలుగురూ చూడాల అన్నాది. సరేనని సబురో పోయి తెచ్చినాడు. చలికాలం. బస్సు. కిటికీకి అద్దం లేదు. ఆయమ్మ చెంగు కిటికీకి అడ్డం పెట్టింది. చేయి నొప్పి పుడతాన్నా దించలే. దారి పొడుగునా దించలే."

జపానులో బస్సులకు అద్దాలుండవా అని డేరాలో ఎవరూ అడగలేదు. ఒక్క ఈల లేదు.

చెంగు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన పక్క సీటులో తల వాల్చుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. చూశాడన్నమాట.

"బిడ్డ పండగ చూడలే. పేరు కాని బిడ్డకు మంత్రం చదివేది లేదన్నాడు పూజారి. అంత పెద్ద యాక్టరు, తనే పార తీసుకోని కంచె అవతల గుంత తీసినాడు. మరుసటి దినం షూటింగు. డైరెక్టరు నవ్వమన్నాడు. నవ్వినాడు. ఇప్పుడొచ్చే రీల్లో గుర్రం మీద నవ్వుతాడు సూడండి. ఆ నవ్వే ఇది."

మిషను తిరిగింది. గుర్రం డెక్కల చప్పుడు వచ్చింది. ఎవరో ఆడమనిషి పెద్దగా ఏడవడం మైకులో వినపడింది.

మా చర్చి అయ్యగారు అన్నదీ అదే. "బాప్తిస్మం కాని బిడ్డకు సమాధి క్రమం చదవడానికి వీల్లేదమ్మా." ఆయన మెల్లగానే అన్నారు. నంద్యాలలో మా అమ్మవాళ్ళ చర్చిలో పుట్టిన వెంటనే ఇప్పించి ఉంటే అయిపోయేది. క్రిస్మసునాడు ఇక్కడే ఇప్పించాలని అత్త కబురు పంపింది. గుంత తీసిన మరుసటి దినం ఆయన జట్కా ఎక్కి మైకు పట్టుకుని పోయాడు. ఎట్లా పోగలిగాడో అని నేను మనసులో ఆయన్ను తిట్టుకున్నాను. ఇప్పటిదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

అత్త లేచి లోపలికి పోయింది. అన్నం తినలేదు. "నా ముచ్చట గూడా చెప్పినాడు వాడు" అంది గోడ వైపు తిరిగి.

మార్చి 4, శనివారం

వరదరాజులు ఇంటికే వచ్చాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఏం యేసుదాసూ, యాడ నేర్సుకున్నావప్పా ఈ ఇద్దె? చాగలమర్రి నుంచి బస్సులెక్కి వస్తాండారు. నేల టికెట్టు సాలడంల్యా. ఆ బిడ్డది మాత్రం రోజూ చెప్పు."

"చెప్పింది మళ్ళా ఎట్ల చెప్పేదన్నా?"

"బొమ్మ మాత్రం రోజూ అదే గదా ఏసేది? చూసినోళ్ళే చూస్తాండ్ల్యా?"

ఆయన వద్దంటాడేమోనని చూశాను. తల గోక్కున్నాడు. "సర్లేన్నా" అన్నాడు.

మార్చి 5, ఆదివారం

చెప్పాడు. రెండు ఆటలు. రెండుసార్లు.

మార్చి 6

చెప్పాడు. ఈసారి బిడ్డకు జ్వరం వచ్చిన సంగతి పెంచాడు.

మార్చి 7

పెరట్లోకి పోలేదు. తలుపు వేసుకున్నాను. అయినా వినపడింది.

మార్చి 8, బుధవారం

గోవిందమ్మక్క బొరుగులు రోజూ ముందే అయిపోతున్నాయట. "ఆ బిడ్డ పుణ్యం" అంది. మంచి మనిషి. ఆమెకు తెలియక కాదు, తెలిసే అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

నాకు ఎవరి మీదా కోపం లేదు.

మార్చి 10, శుక్రవారం

మధ్యాహ్నం అన్నం పెడుతూ అన్నాను. ముందుగా అనుకున్నది కాదు.

"రోజూ పాపను చంపుతాండావు."

ఆయన చేయి కంచంలో ఆగింది. అత్త వాకిట్లోకి పోయింది.

"అది ఆ జపానాయన బిడ్డ" అన్నాడు.

"చెంగు నాది."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తరవాత అన్నాడు. "ఆడ చెప్తే అంతమంది ఏడుస్తాండారు. ఈడ చెప్తే ఏడ్చేకి ఎవురుండారు?"

"నేను లేనా?"

ఆయన కంచంలోనే చేయి కడుక్కుని చొక్కా వేసుకుని పోయాడు.

మిగిలిన అన్నం కుక్కకు పెట్టాను. గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను. పెళ్ళయినాక నేను ఆయనతో ఒక్కసారే ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే. మాట్లాడి ఏం లాభం? సాయంత్రం మళ్ళీ చెప్పాడు.

మార్చి 11

చెప్పాడు.

మార్చి 13

చెప్పాడు. గొంతు కొంచెం బొంగురు పోయింది. మిరియాల కషాయం కాచి పెట్టాను. ఎందుకు కాచానో నాకే తెలియదు. ఆ గొంతు బాగుపడితే మళ్ళీ చెప్పేది అదే కదా.

మార్చి 15, బుధవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం చర్చిలో శ్రమల దినాల స్త్రీల కూడిక. అయ్యగారు కూడా వచ్చారు. పాటలు పాడాక కృపమ్మగారు లేచి ప్రార్థన మనవులు చెప్పింది. శాంతయ్య మోకాళ్ళ నొప్పులు, ఎవరి కోడలికో కాన్పు, వానలు. తరవాత ఇట్లా అంది.

"అమ్మా, జపాను దేశంలో ఒక సినిమా యాక్టరు బిడ్డను పోగొట్టుకున్నాడంట. పాపం, ఎవురూ వాక్యం చెప్పినోళ్ళు లేరంట, తనే గుంత తీసినాడంట. నేను సినిమాకు పోలే. మైకులో వినపడింది. వినపడినాక ఊరికే ఉండేది ధర్మం కాదు. ఆ బిడ్డ కోసరం ప్రార్థన చేద్దాం."

నలుగురైదుగురు "అవునక్కా, చేద్దాం" అన్నారు. అందరూ మైకులో విన్నవాళ్ళే. వెనక నుంచి ఎవరో "బాప్తిస్మం కాని బిడ్డ గదక్కా" అన్నారు.

"జపానోళ్ళకు బాప్తిస్మం యాడిది? పసిబిడ్డను దేవుడు కాగితం అడుగుతాడా?" అంది కృపమ్మగారు.

డిసెంబరులో ఈ మాట ఈమె ఎందుకు అనలేదు? అప్పుడు కూడా ఈమె ఇక్కడే ఉంది. నాకు నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. పక్కన అత్త ముసుగు ముందుకు లాక్కుంది.

కృపమ్మగారు నా వైపు తిరిగింది. "సలోమీ, చెప్పేది మీ ఆయనే గదమ్మా. ఆ బిడ్డ పేరేందంట? పేరు పెట్టి ప్రార్థన చేస్తే బాగుంటాది."

నేను కూడికలో ఎప్పుడూ నోరు తెరవను. పాట కూడా లోపలే పాడుకుంటాను. అందరూ నన్నే చూస్తున్నారు. పేరు లేదని చెప్పొచ్చు. తెలియదని చెప్పొచ్చు.

"ఎస్తేరు" అన్నాను.

"జపానులో గూడా ఎస్తేరని పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటారంట."

అయ్యగారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. వానల కోసం, కాన్పు కోసం, మోకాళ్ళ కోసం అడిగారు. తరవాత, "ఎస్తేరు అనే పసిబిడ్డను నీ రొమ్మున చేర్చుకో తండ్రీ" అన్నారు. అక్కడ ఆగారు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఆయన కూడా తెరిచి నన్ను చూశారు. తరవాత మళ్ళీ మూసుకుని, డిసెంబరులో చదవకుండా వదిలేసిన క్రమం నుంచి రెండు మాటలు, మంటికి మన్ను, మెల్లగా చెప్పారు. మిగతావాళ్ళకు అది వింతగా అనిపించిందో లేదో తెలియదు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ గట్టిగా అన్నాను.

ఇంటికి వస్తుంటే దారిలో అత్త నా కొంగు పట్టుకునే నడిచింది. గుమ్మంలో కూలబడింది. ఆయన ఆటకు పోవడానికి తల దువ్వుకుంటున్నాడు.

"ఈ రోజు చర్చిలో పాపకు ప్రార్థన చేసినారు" అన్నాను.

"ఏ పాపకు?"

చెప్పాను. కృపమ్మగారు అన్నది, వెనక నుంచి అన్నది, అన్నీ చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. "మోకాళ్ళ నొప్పుల పక్కన పెట్టినారా?" అన్నాడు. దువ్వెన పట్టుకునే నవ్వాడు.

"పేరడిగినారు. ఎస్తేరని చెప్పినా."

నవ్వు ఆగిపోయింది. "ఎస్తేరా? నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదే."

ఆయన కింద కూర్చున్నాడు. అంత పెద్ద గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడ్చాడు. అత్త దగ్గరికి జరిగి, "నేనే గదా నాయనా రమ్మనింది, నేనే గదా" అంది. ఆయన ఆమె తల మీద చేయి పెట్టాడు. అవునని కానీ కాదని కానీ అనలేదు. కొంతసేపటికి నా వైపు చూసి, "ఎస్తేరు" అన్నాడు, రుచి చూసినట్టు.

జట్కా వాడు బయట పిలిచాడు. ఆయన మొఖం కడుక్కుని పోయాడు. ఈ రోజు ఏం చెప్తాడో నేను అడగలేదు. అడగడానికి భయమేసింది.

మార్చి 16, గురువారం

నిన్న సాయంత్రం జరిగింది ఈ పొద్దున రాస్తున్నాను.

రెండో రీలు అయిపోయింది. నేను పెరట్లో నిలబడే ఉన్నాను. ఆయన గొంతు రాలేదు. ఈలలు మొదలయ్యాయి. "బిడ్డ కథ! బిడ్డ కథ చెప్పప్పా!" అని అరుపులు. అప్పుడు మైకు గరగరమంది.

"ఆ బిడ్డ కథ అయిపోయిందప్పా. ఇంక చెప్పేది లేదు."

బెంచీలు తన్నిన చప్పుడు. మైకు ఆపడం మరిచిపోయారేమో, వరదరాజులు మాట కూడా ఊరంతా వినపడింది.

"ఏందీ నువ్వు చెప్పేది? జనం దాని కోసరమే వచ్చినారు."

"కత్తి యుద్ధం చెప్తాన్నా. ఆ బిడ్డది చెప్పను."

"కత్తి యుద్ధం ఎవునిక్కావాలప్పా? అది జపానోని బిడ్డ. నీకేం నొప్పి?"

ఊరంతా వింటోంది. కృపమ్మగారు వింటుంది, అయ్యగారు వింటారు. నిజం చెప్పేస్తాడేమో అనుకున్నాను. చెప్పేయాలని ఒక మనసు, వద్దని ఒక మనసు.

"నొప్పుండాదిలే అన్నా" అన్నాడు. మైకు కింద పెట్టిన చప్పుడు వచ్చింది.

చేలకు అడ్డం పడి వచ్చాడు. చెప్పులకు మన్ను. నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. బొమ్మ వేళకు ఆయన ఇంట్లో ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

"రేపటి నుంచి రావద్దన్నాడు."

"పోనీలే" అన్నాను. పోతే ఏం తినాలో తెలియదు. అయినా అన్నాను.

లోపల నుంచి అత్త ఇద్దరికీ కలిపి ఒకే గిన్నెలో బొరుగులు తెచ్చి పెట్టి పోయింది.

అవతల రీలు మార్చారు. బొమ్మ మళ్ళీ నడిచింది. మైకులో ఇప్పుడు తెలుగు లేదు. జనం కొంతసేపు అరిచి, విసుగొచ్చి ఊరుకున్నారు. జపాను మాటలే వస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన గొంతు కింద అణిగిపోయిన గొంతు ఒకటి వినపడింది. సన్నటి గొంతు. కొంచెం జలుబు చేసినట్టు. అరవడం కూడా సరిగా రాదు ఆ గొంతుకు.

"ఇదేనా ఆయన మాట?" అన్నాను.

"ఇదే."

"ఏమంటాండాడు?"

"నాకేం తెలుసే" అన్నాడు ఆయన. "ఎప్పుడూ ఇనలే. నేనే మాట్లాడుతా ఉంటి."

ఇద్దరం విన్నాం. గుర్రం వచ్చింది. ఆ మనిషి నవ్వాడు. మా ఆయన చెప్పిన నవ్వులాగా లేదు. ఎవరో చెప్పిన మాటకు మామూలుగా నవ్వినట్టుంది. ఆ తరవాత ఒక ఆడమనిషితో ఏదో మెల్లగా అన్నాడు, ఆమె ఏదో అంది.

ఆ జపానాయన ఎక్కడుంటాడో, పెళ్ళయిందో లేదో, ఆయన నాయన రాళ్ళు కొట్టేవాడో పంతులో నాకు తెలియదు. మేము ఆయన నెత్తిన పెట్టినవేవీ ఆయనకు తెలియవు. పిల్లలుంటే ఆ పిల్లలు చల్లగా ఉండాలి.